గచ్చిబౌలి టవర్‌లో మూడు ఫ్లోర్లు: కరెంటు కార్బన్ మా వాటాకి ఎంత?

మూడోఫేజు: హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ బిల్డింగ్ ఓనర్ పేరు మీద ఉంది. నెలనెలా ఎక్సెల్ షీట్ వస్తుంది: సబ్‌మీటర్ గ్రిడ్ రీడింగ్ 1,20,000, ఏసీ బీటీయూ మీటర్ 90,000, డీజీ (డీజిల్ జనరేటర్) యూనిట్లు 2,500. మొత్తం కూడి 0.727తో (గ్రిడ్ ఎమిషన్ ఫ్యాక్టర్, అంటే యూనిట్ కరెంటుకి ఇన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్) గుణిస్తే 154.5 టన్నులు వచ్చింది. మరీ ఎక్కువ కదా?

మీటర్‌మామ: ఎక్కువే. మూడు రకాల యూనిట్లను ఒకే గంపలో వేశారు.

బీటీయూ మీటర్ చూపేది చల్లదనం, కరెంటు కాదు. దాన్ని చిల్లర్ ప్లాంట్ సీఓపీతో (యూనిట్ కరెంటుకి ఎన్ని యూనిట్ల చల్లదనం ఇస్తుందో ఆ అంకె) భాగించాలి. కంప్రెసర్‌ది ఒక్కటే కాదు, పంపులు, కూలింగ్ టవర్లు కలిపిన సీఓపీ అడగండి. అది 4.5 అనుకుంటే 90,000 కాస్తా 20,000 అవుతుంది. మీటర్ టన్ను-అవర్లలో (ఇదీ చల్లదనం కొలతే) ఉంటే ముందు 3.517తో గుణించాలి.

ఆ 1,20,000 కేవీఏహెచ్ (నిజంగా వాడిన కరెంటు కంటే కాస్త ఎక్కువ చూపే కొలత) అయి ఉంటుంది, మన దగ్గర హెచ్‌టీ బిల్లింగ్ దాంట్లోనే కదా. ఎమిషన్ ఫ్యాక్టర్ మాత్రం కేడబ్ల్యూహెచ్‌కి (నిజంగా వాడిన యూనిట్‌కి). పవర్ ఫ్యాక్టర్ (ఈ రెంటి నిష్పత్తి) 0.96 అయితే 1,15,200.

డీజీకి గ్రిడ్ ఫ్యాక్టర్ పెట్టకండి. మీ వాటా డీజిల్ 750 లీటర్లు అయితే, లీటరుకు 2.68 కిలోల చొప్పున 2 టన్నులు. జనరేటర్ ఓనర్‌ది కాబట్టి ఆయనకి స్కోప్ 1 (సొంతంగా కాల్చిన ఇంధనం), మీకు స్కోప్ 2 (కొన్న కరెంటు).

గ్రిడ్, ఏసీ కలిపి 1,35,200 × 0.727 = 98.3 టన్నులు. డీజిల్‌తో కలిపి 100.3.

మూడోఫేజు: థాంక్స్ మామా. షీట్ హెడింగ్‌లో కేవీఏహెచ్ అనే ఉంది, చూసుకోలేదు. 0.727 దేశం మొత్తానిది కదా, తెలంగాణ ఫ్యాక్టర్ వాడొద్దా?

బస్‌బార్: వాడొద్దు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అందుకే సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) ఒకే ఫ్యాక్టర్ ఇస్తోంది; 0.727 అనేది 2023-24ది, ఏడాది మారితే కొత్తది తీసుకోండి. లైన్ లాసులు ఇందులో కలపకండి, అవి స్కోప్ 3 (మిగతా పరోక్ష ఉద్గారాలు).

మీ సొంత విశ్లేషణకైతే ఫ్లో ట్రేసింగ్ (ఏ ప్లాంటు కరెంటు ఎటు వెళ్తోందో లెక్కగట్టే పద్ధతి) ఉంది. ఒక బస్‌కి (సబ్‌స్టేషన్‌లో లైన్లు కలిసే చోటు) బొగ్గు కరెంటు 300 మెగావాట్లు (ఫ్యాక్టర్ 0.95), జల విద్యుత్తు 100 మెగావాట్లు (ఫ్యాక్టర్ 0) వస్తే, అక్కడి నుంచి బయటికెళ్లే ప్రతి ఫీడర్‌దీ 0.7125. ఏ ఎలక్ట్రాన్ ఎవరిదో తేలదు కాబట్టి దామాషాలో పంచుతారు. చిక్కు శ్రీశైలం ఎడమగట్టు లాంటి చోట: అక్కడి 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ రివర్సిబుల్, అంటే కరెంటు తీసుకుని నీళ్లను పైకి తోడగలవు కూడా. 0.9 కరెంటుతో నీళ్లు పైకి తోడి, 75 శాతం తిరిగి రాబడితే, ఆ ‘జల విద్యుత్తు’ 1.2 అవుతుంది!

మీటర్‌మామ: ఇంకోటి. ఓనర్ గ్రీన్ పవర్ అంటే సర్టిఫికెట్ (గ్రీన్ కరెంటు నాదని చెప్పుకునే హక్కు పత్రం) ఎవరి పేరున రద్దయిందో, అంటే ఎవరు వాడేసుకున్నట్టు నమోదైందో అడగండి. రూఫ్‌టాప్ సోలార్ సర్టిఫికెట్లు అమ్మేసుకుంటే, మీ మార్కెట్ ఆధారిత లెక్కలో (ఒప్పందాలు, సర్టిఫికెట్ల ప్రకారం వేసేది) సున్నా వేయడానికి లేదు. లొకేషన్ ఆధారిత అంకె (గ్రిడ్ సగటు ప్రకారం వేసేది) ఎలాగూ పక్కన చూపాల్సిందే.