యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఆంక్షలు: ఒక్క దేశం వద్దంటే 27 దేశాలూ ఆగాల్సిందేనా?

ప్రశ్న:
రష్యాపై ఆంక్షల చర్చ వచ్చినప్పుడల్లా ఏదో ఒక దేశం అడ్డుపడిందనే వింటున్నాం. వాణిజ్యం, వ్యవసాయాల్లో మెజారిటీ ఓటుతో పని నడుస్తోంది కదా, విదేశాంగ విధానంలో ఎందుకు నడవదు? ఒప్పందాన్ని తిరగరాయకుండా వీటోను దాటే దారి ఉందా?

జవాబు 1:
ఆంక్షల వెనుక రెండు పత్రాలుంటాయండి. ఈయూ ఒప్పందం ఆర్టికల్ 29 కింద మంత్రుల మండలి తీసుకునే రాజకీయ నిర్ణయం మొదటిది. దీనికి అందరూ ఒప్పుకోవాలి. బ్యాంకులు, కంపెనీలు నేరుగా పాటించాల్సిన ఆర్థిక నిబంధన రెండోది. ఇది ఈయూ రెండో మూల ఒప్పందమైన కార్యనిర్వహణ ఒప్పందం ఆర్టికల్ 215 కింద వస్తుంది, క్వాలిఫైడ్ మెజారిటీ చాలు: అంటే 15 దేశాలు, ఈయూ జనాభాలో 65 శాతం ఒప్పుకుంటే సరిపోతుంది. కానీ మొదటిది లేనిదే రెండోది కదలదు.

కొత్త ఆంక్షల కన్నా పొడిగింపు దగ్గరే ఎక్కువ చిక్కు. రష్యాపై రంగాలవారీ ఆంక్షల గడువు జనవరి 31, జులై 31. వ్యక్తులు, సంస్థల జాబితా గడువు మార్చి 15, సెప్టెంబరు 15. పొడిగింపుకూ ఏకాభిప్రాయమే కావాలి. అంటే ఏడాదికి నాలుగుసార్లు, సంతకం పెట్టకుండా కూర్చుంటే చాలు, ఉన్నవి కూడా పడిపోతాయి. అందుకే వీటో చాలాసార్లు బేరానికే పనికొస్తుంది. 2022 చమురు నిషేధంలో పైపులైన్ చమురుకు మినహాయింపు హంగేరీ పట్టుబట్టడంతో అలా వచ్చిందే. ఇది హంగేరీ ఒక్కదాని అలవాటు కాదు. 2020లో టర్కీపై చర్యలు కావాలంటూ సైప్రస్ బెలారస్ ఆంక్షలను వారాల తరబడి ఆపింది. 2017లో చైనా మానవ హక్కులపై ఐరాసలో ఈయూ ప్రకటనను గ్రీస్ అడ్డుకుంది.

జవాబు 2:
దారులు ఈయూ ఒప్పందంలోనే ఉన్నాయి, వాడటమే కష్టం. ఆర్టికల్ 31(1) ప్రకారం ఒక దేశం ఓటుకు దూరంగా ఉండి, కారణం అధికారికంగా చెబితే, నిర్ణయం ఆగదు, ఆ దేశం దాన్ని అమలు చేయనక్కర్లేదు. 2008లో కొసావోకు ఈయూ పంపిన పోలీసు, న్యాయ సహాయ మిషన్ విషయంలో సైప్రస్ చేసింది ఇదే. అలా దూరంగా ఉన్నవాళ్లు దేశాల్లో మూడో వంతు, జనాభాలోనూ మూడో వంతు ఉంటే మాత్రం నిర్ణయం వీగిపోతుంది. ఆంక్షలకు ఈ పద్ధతి అంతగా సరిపోదు. ఉమ్మడి మార్కెట్‌లో ఒక తలుపు తెరిచి ఉంచితే సరుకంతా అటు నుంచే జారిపోతుంది.

ఇక 31(3): ఫలానా విషయాల్లో మెజారిటీ ఓటుకు మారదామని దేశాధినేతలు నిర్ణయించవచ్చు. అయితే ఆ నిర్ణయానికే ఏకాభిప్రాయం కావాలి, పైగా సైనిక అంశాలకు అది వర్తించదు. 2023 మేలో జర్మనీ, ఫ్రాన్స్ సహా 9 దేశాలు ఇందుకోసం బృందంగా ఏర్పడ్డాయి. చిన్న దేశాల భయం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. జనాభా లెక్కలో బరువు లేని దేశానికి వీటో పోతే ఇంకేం మిగులుతుంది?

ప్రశ్న అడిగినవారు:
పదేపదే అడ్డుపడే దేశానికి ఓటు హక్కు తీసేయలేరా?

జవాబు 3:
ఆర్టికల్ 7 ఉంది కానీ అది అడ్డుపడినందుకు కాదు, చట్టబద్ధ పాలన వంటి మౌలిక విలువలను తీవ్రంగా, ఎడతెగక ఉల్లంఘించినందుకు. ఉల్లంఘన జరిగిందని తేల్చడానికి ఆ దేశం తప్ప మిగతా అన్నీ ఒప్పుకోవాలి. ఒక్క మిత్రదేశం తోడుంటే అక్కడే ఆగిపోతుంది. హంగేరీపై 2018లో మొదలుపెట్టినా ఆ దశ దాకా వెళ్లలేదు.

నిజంగా పనిచేసింది వేరే మార్గం. 2025 డిసెంబరులో, స్తంభింపజేసిన రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తులను కార్యనిర్వహణ ఒప్పందం ఆర్టికల్ 122 కిందకు తెచ్చారు. అది ఆర్థిక అత్యవసర పరిస్థితులకు ఉద్దేశించినది, మెజారిటీ ఓటు చాలు. దాంతో ఆ ఆస్తులకు ఆరు నెలల పొడిగింపు గండం తప్పింది. అయితే ఈయూ ఆర్థిక వ్యవస్థకు తీవ్రమైన ఇబ్బంది ఉందని చూపించగలిగితేనే ఇది నిలుస్తుంది. వీసా నిషేధాలకో, ఎవరినైనా జాబితాలో చేర్చడానికో ఆ వాదన అతకదు, వాటికి మళ్లీ ఆర్టికల్ 29 దగ్గరికే రావాలి.