స్పార్టాలో పోయిన పౌరసత్వం మళ్లీ వచ్చేదా?

ప్రాచీన గ్రీసులోని స్పార్టా సైన్యం మీద ప్రెజెంటేషన్ తయారు చేస్తూ ఒకచోట ఇరుక్కుపోయాను. క్రీ.పూ. 480లో పౌరులు దాదాపు 8,000 మంది అని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ లెక్క. 371లో ల్యూక్ట్రా యుద్ధంలో ఉన్న పౌరులు 700 మందే, వాళ్లలో 400 మంది అక్కడే చనిపోయారు. ఆ తర్వాతి కాలానికి వెయ్యి మంది కూడా లేరంటాడు అరిస్టాటిల్.

మొదట 464 ప్రాంతంలో వచ్చిన భూకంపమే కారణం అనుకున్నాను. కానీ ఆ లోటు రెండు మూడు తరాల్లో పూడాలి కదా, అంకె ఇంకా దిగుతూనే ఉంది. యుద్ధ మరణాలు కలిపి చూసినా లెక్క కుదరలేదు. చివరికి సామూహిక భోజనాల రూలు దగ్గర తేలాను. ప్రతి పౌరుడూ తన పొలం నుంచి బార్లీ, వైన్, జున్ను, అత్తిపండ్లు నెలనెలా ఇవ్వాలి. ఇవ్వలేకపోతే పౌరసత్వం పోయినట్టే. ఏడేళ్ల వయసు నుంచి శిక్షణ ఇచ్చిన సైనికుణ్ణి మెస్ బాకీ కోసం వదులుకోవడమేంటో!

హెలాట్ బానిసలకు స్వేచ్ఛ ఇచ్చి సైన్యంలోకి తీసుకున్న సందర్భాలు దొరికాయి గానీ వాళ్లకు పూర్తి పౌరసత్వం ఉన్నట్టు లేదు. పూర్తి పౌరసత్వం లేని కినడాన్ అనేవాడు స్పార్టా పౌరుల మీద పన్నిన కుట్ర గురించి చరిత్రకారుడు జెనోఫోన్ రాసిందీ చదివాను, అందులోనూ జవాబు లేదు.

ఇలా పేదరికం వల్ల పౌరసత్వం పోగొట్టుకుని, తర్వాత పొలం సంపాదించి మళ్లీ పూర్తి పౌరుడైన మనిషి ఒక్కడైనా ప్రాచీన రచనల్లో ఎక్కడైనా కనిపిస్తాడా?