సెల్లార్ జనరేటర్ రూము: గాలిని లోపలికి తోయాలా, బయటికి లాగాలా?

మూడోఅంతస్తు:
మాది హైదరాబాద్‌లో 140 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో, గోడలకు శబ్దం ఆపే పలకలు కొట్టిన గదిలో 500 కేవీఏ జనరేటర్ ఉంది. సెట్ చుట్టూ కెనోపీ (శబ్దం ఆపే ఇనుప పెట్టె) లేదు, రేడియేటర్ సెట్ మీదే ఉంది. ఎండాకాలంలో కరెంటు పోయి 40 నిమిషాలు దాటితే నీళ్ళ టెంపరేచర్ ఎక్కువై సెట్ ఆగిపోతోంది. మొన్న లిఫ్టులో ఒక పెద్దాయన పావుగంట ఇరుక్కున్నారు, ఇక చూడండి కమిటీకి టెన్షన్. ఇద్దరు కాంట్రాక్టర్లను పిలిస్తే ఒకరు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టి వేడిని లాగేయాలన్నారు, ఇంకొకరు బయటి గాలిని ఫ్యాన్లతో లోపలికి తోయాలన్నారు. ఎవరి మాట వినాలి?

లాగుడుబండి:
లాగడమే. ఇందులో చర్చ ఏముంది? సెల్లార్ అంటే పైన మనుషులు ఉండే చోటు. పొగ గొట్టం జాయింటు ఎక్కడ లీకైనా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు. గదిలోకి గాలి తోస్తే లోపలి ఒత్తిడి పెరిగి, ఆ విషం తలుపు సందుల్లోంచి లిఫ్టు లాబీలోకి పోతుంది. లాగితే గదిలోది గదిలోనే ఉండి డక్ట్ (గాలి పోయే రేకు గొట్టం) గుండా బయటికి పోతుంది.

తోపుడుగాలి:
భయపెట్టకండి సార్. లీకైన జాయింటుకు గాస్కెట్ మార్చాలి, ఫ్యాన్ కాదు. తోస్తే గాలి మనం పెట్టిన దారిలోనే వస్తుంది, అక్కడ ఫిల్టరు పెట్టుకోవచ్చు. లాగితే ర్యాంపు దుమ్ము, కార్ల పొగ, డ్రైనేజీ వాసన అన్నీ సందు సందునా లోపలికి వచ్చి రేడియేటర్ రెక్కల్లో పేరుకుంటాయి. అప్పుడు మళ్ళీ అదే ట్రిప్పు, సెట్ వేడెక్కి ఆగిపోవడమే.

డక్ట్‌మేస్త్రి:
ఇద్దరూ ఫ్యాన్ గురించే మాట్లాడుతున్నారు. ఆ గదిలో ఇప్పటికే ఒక పెద్ద ఫ్యాన్ ఉంది కదండీ, రేడియేటర్ ముందు! ముందు లెక్క చూద్దాం.

500 కేవీఏ అంటే పూర్తి లోడులో 400 కిలోవాట్లు. ఇంజను ఒంటి వేడి, ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం) నష్టం, వేడి ఆపడానికి చుట్ట కట్టిన పొగ గొట్టం నుంచి వచ్చేది కలిపి గదిలోకి చేరే వేడి సుమారు 50 కిలోవాట్లు. బయటికంటే గది 8 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే 12 వేల సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి సరిపోతుంది. ఇంజను తాగే గాలి ఇంకో వెయ్యికి కాస్త పైన. ఇలాంటి సెట్ రేడియేటర్ ఫ్యాన్ ఒక్కటే 20 వేల సీఎఫ్‌ఎం పైన తోస్తుంది. అంటే గదిని చల్లబరచడానికి అదనపు ఫ్యాన్ అక్కర్లేదు. ఆ గాలి లోపలికి రావడానికి దారి, వేడెక్కినది తిరిగి చూడకుండా బయటికి పోవడానికి దారి కావాలి, అంతే.

మూడోఅంతస్తు గారూ, గాలి వచ్చే లూవర్ (పట్టీల కిటికీ) కొలత ఎంత? ఏ గోడకు ఉంది?

మూడోఅంతస్తు:
4 అడుగులకు 4 అడుగులు. ఆల్టర్నేటర్ వెనక గోడకు, కింది వైపు. రేడియేటర్ సుమారు 5 అడుగులకు నాలుగున్నర.

డక్ట్‌మేస్త్రి:
చోటు సరిగ్గానే ఉంది, ఆల్టర్నేటర్ వైపు నుంచి వచ్చి ఇంజను మీదుగా రేడియేటర్‌కు పోవాలి. కొలతే దెబ్బకొట్టింది. 16 చదరపు అడుగుల లూవర్‌లో పట్టీలు పోగా నిజంగా తెరిచి ఉండేది సగం, 8 అడుగులు. శబ్దం ఆపే లూవర్ అయితే ఇంకా తక్కువ. 22 వేల సీఎఫ్‌ఎం అందులోంచి దూరాలంటే నిమిషానికి 2,750 అడుగుల వేగం కావాలి. మేం ఏడెనిమిది వందలు దాటనివ్వం. రేడియేటర్ ముఖానికి ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు ఖాళీ ఉండాలని మా లెక్క, అంటే మీకు 28 నుంచి 34 చదరపు అడుగులు. రేడియేటర్ ఫ్యాన్ బలం కూడా అంతంతే, దారి మొత్తంలో 10, 12 మిల్లీమీటర్ల నీటిమట్టం (ఆ ఎత్తు నీళ్ళు కలిగించేంత ఒత్తిడి) అడ్డు తగిలితే చాలు, గాలి పడిపోతుంది.

లాగుడుబండి గారు చెప్పినట్టు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే అది కూడా ఆ ఎనిమిది అడుగుల్లోంచే గాలి తాగాలి. ఒక్క స్ట్రా పెట్టి ఇద్దరు పిల్లలకు కొబ్బరి బోండం ఇచ్చినట్టు.

మిల్లుయజమాని:
మిర్యాలగూడ దగ్గర మాకు రైస్ మిల్లు. ఊక దుమ్ముతో విసిగి మేం గదే వద్దనుకున్నాం, కెనోపీ సెట్ బయట పెట్టేశాం. ఎలాగూ 1000 కేవీఏ దాకా కొత్త సెట్లకు ఫ్యాక్టరీలోనే కెనోపీ బిగించాలని 2002లో నిబంధన వచ్చింది, పాత సెట్లకైతే శబ్దం ఆపే గదైనా చాలు, కెనోపీకి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు. సెల్లార్‌లో పెట్టి గాలి కోసం ఏడవడం ఎందుకు? పైగా వాన నీళ్ళు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో బేస్‌మెంట్ జనరేటర్లను సునామీ నీళ్ళు ముంచేశాయి. ఆరో యూనిట్‌ది ఒక ఎయిర్‌కూల్డ్ సెట్, ఎత్తున ఉన్నది, అదొక్కటే పనిచేసింది.

మూడోఅంతస్తు:
పైన ఖాళీ ఉన్నది పిల్లలు ఆడుకునే చోటు ఒక్కటే అండీ. అక్కడ పెడతామంటే నన్ను కొడతారు.

లాగుడుబండి:
లెక్క ఒప్పుకుంటా, కానీ ఒక్కటి చెప్పండి మేస్త్రి గారూ. సెట్ ఆగిన క్షణం మీ రేడియేటర్ ఫ్యాన్ కూడా ఆగుతుంది. కాగిన ఇనుము మాత్రం ఆగదు. మూసిన గదిలో ఆ వేడి పానెల్ మీద, బ్యాటరీల మీద పడుతుంది. దానికేం చేస్తారు?

డక్ట్‌మేస్త్రి:
మంచి మాట. దానికి కరెంటు మీద నడిచే చిన్న ఎగ్జాస్ట్ ఒకటి, పావుగంట టైమర్‌తో. అది పెట్టండి, నేను అడ్డుపడను. ట్రిప్పుకు మందు మాత్రం అది కాదు.

మూడోఅంతస్తు గారూ, రేపు సెట్ నడిచేటప్పుడు రెండు పనులు చేయండి. రేడియేటర్‌కూ డక్ట్‌కూ మధ్య కలిపే కాన్వాస్ గుడ్డ దగ్గర ఒక నూలు దారం వేలాడదీసి ఎటు ఊగుతుందో చూడండి. తర్వాత గది షట్టరు పూర్తిగా ఎత్తి, టెంపరేచర్ తేడా రాసుకోండి.

పాతలైన్‌మన్:
దారం ఎందుకు, అగరుబత్తి వెలిగిస్తే పొగ చక్కగా కనిపిస్తుంది.

డక్ట్‌మేస్త్రి:
డీజిల్ గదిలో అగ్గి ఏంటి అన్నా! మన డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి, కనీసం 35 డిగ్రీలుంటే చాలని ప్రమాణం. వీళ్ళ గది దానికంటే ఎప్పుడో దాటి ఉంటుంది.

మూడోఅంతస్తు:
చూశాను. బయట ర్యాంపు మీద 41 డిగ్రీలు. షట్టరు వేసి అరగంట నడిపితే రేడియేటర్‌కు ఇంజను వైపున, గాలి లోపలికి పోయే చోట, 56. దారం డక్ట్ వైపు కాదు, ఇంజను వైపే కొట్టుకుంటోంది! దగ్గరికెళ్ళి చూస్తే కాన్వాస్ కింద చెయ్యి పట్టేంత చిరుగు. షట్టరు ఎత్తాక 47కు దిగింది, గంటన్నర నడిచినా ఆగలేదు.

తోపుడుగాలి:
చూశారా, ఊదిన వేడి గాలినే మళ్ళీ తాగుతోంది. సరే, కాన్వాస్ కుట్టిస్తారు. కానీ 30 చదరపు అడుగుల ఖాళీ అంటే లూవర్ 60 చదరపు అడుగుల గోడ తింటుంది. సెల్లార్‌లో అంత బయటి గోడ ఎక్కడుంది? షట్టరు తీసి ఉంచితే సెల్లారంతా మోత. చివరికి నా ఫ్యానే గతి. రెండు యాక్సియల్ ఫ్యాన్లు కలిపి నాలుగు కిలోవాట్ల లోపే, జనరేటర్‌కు అదొక లోడే కాదు.

డక్ట్‌మేస్త్రి:
గోడ లేకపోతే మీ మాటే రైటు, ఒప్పుకుంటున్నా. మూడు షరతులు. తోసేది రేడియేటర్ లాగేదానికంటే పదో వంతు తక్కువ ఉండాలి, అప్పుడు గదిలో ఒత్తిడి బయటికంటే కొంచెం తక్కువే ఉంటుంది, లాగుడుబండి గారి లాబీ భయం తీరుతుంది. రెండు ఫ్యాన్లలో ఒకటి కాలిపోతే పానెల్ మీద బల్బు వెలిగి, రెండోదానితో సగం లోడు నడిచేలా చూసుకోవాలి. మంటలొస్తే రెండూ వాటంతటవే ఆగాలి.

లాగుడుబండి:
ఫ్యాన్ ఆగితే సెట్ ఆగే ఏర్పాటు నాకు ఇప్పటికీ నచ్చలేదు. లూవర్‌కు రిపేరు ఉండదు. ముందు గోడ వెతకండి. లాబీలో కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం ఏ పద్ధతైనా పెట్టండి.

మూడోఅంతస్తు:
టేపు పట్టుకుని తిరిగాను. ర్యాంపు పక్కన 12 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు గోడ ఒకటి ఉంది, సరిగ్గా సరిపోతుంది. దాని ముందు కారు నిలిపితే గాలి ఆడదు కాబట్టి 12వ నంబరు పార్కింగ్ తీసేయాలి. ఆ స్లాటు మా సెక్రటరీ గారిది. ఆదివారం మీటింగు.