కారు షోరూంలో లోన్, ఇన్సూరెన్స్ అమ్మేటప్పుడు కొనేవారికి ఏమేమి చెప్పి తీరాలి?

ప్రశ్న (నల్లగొండ నుంచి, కొత్త ఉద్యోగి)

నమస్కారం. నల్లగొండలోని ఒక కార్ల షోరూంలో లోన్లు, ఇన్సూరెన్స్ చూసే విభాగంలో ఈమధ్యే చేరాను. మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ వైపు నుంచి మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మొదటిసారి కారు కొంటున్నవారే. మైలేజీ గురించి గంటసేపు అడిగినవారు కూడా మా టేబుల్ దగ్గరికి వచ్చేసరికి చూపిన చోటల్లా సంతకం పెట్టేస్తారు. ఆ నమ్మకం చూస్తే నాకు భయమేస్తుంది. ఇన్సూరెన్స్ బయట తీసుకుంటే వారంటీ పోతుందని, మా వర్క్‌షాపులో క్యాష్‌లెస్ (రిపేరు బిల్లును బీమా కంపెనీయే నేరుగా కట్టడం) జరగదని చెప్పమని సీనియర్లు అంటున్నారు. నెలకింత అని టార్గెట్ ఉంది, నా సంపాదనలో ఇన్సెంటివ్ పెద్ద భాగం. అబద్ధం చెప్పకుండా ఈ పని చేయడం సాధ్యమేనా? జీరో డెప్ (క్లెయిమ్‌లో విడిభాగాల తరుగు తీసేయని కవర్), ఇంజిన్ ప్రొటెక్షన్ వంటివి నిజంగా పనికొస్తాయా? వడ్డీ సంగతి కొనేవారికి ఎలా వివరించాలి?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి, బీమా సంస్థలో పనిచేసి రిటైరైనవారు)

సాధ్యమే తమ్ముడూ. అయితే ఏది చట్టమో, ఏది షోరూం అలవాటో ముందు మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా, అంటే మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాల్సి వస్తోంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం మూడేళ్లకు కలిపి 1,000 సీసీ వరకు 6,521 రూపాయలు, 1,500 సీసీ వరకు 10,640, ఆపైన 24,596. జీఎస్టీ దీనికి అదనం. కంపెనీ మారినా ఈ రేటు మారదు కాబట్టి బేరమంతా ఓన్ డ్యామేజీ (మన కారుకు జరిగే నష్టానికి బీమా) ప్రీమియంలోనే ఉంటుంది. ఆ ఓన్ డ్యామేజీ పాలసీని ఏడాదికి తీసుకుంటే చాలు. 15 లక్షల రూపాయల ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా కూడా కలుపుతారు గానీ, అంత మొత్తానికి వ్యక్తిగత ప్రమాద బీమా ఇదివరకే ఉన్నవారు దాన్ని మళ్లీ కొననక్కరలేదు. ఈ ఒక్క ప్రశ్న అడగకుండానే బిల్లు వేసే షోరూంలు ఎన్నో ఉన్నాయి.

ఇక మీ సీనియర్లు చెప్పమన్న మాటల సంగతి. వాహన డీలర్లు బీమా అమ్మడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది, అవి ఆ ఏడాది నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తమ దగ్గరే కొనాలని డీలరు ఎవరినీ బలవంతపెట్టకూడదని అందులో ఉంది. బయట బీమా తీసుకున్నంత మాత్రాన కారు వారంటీ పోదు. క్యాష్‌లెస్ అనేది వర్క్‌షాపుకూ బీమా కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందాన్ని బట్టి జరుగుతుంది. కాబట్టి, ఫలానా కంపెనీలతో మాకు ఒప్పందం ఉంది, మీరు అనుకుంటున్న కంపెనీ అందులో ఉందో లేదో ఇప్పుడే చూసి చెబుతాను అనండి. అది నిజం, పైగా కొనేవారికి అక్కరకొచ్చే నిజం.

యాడ్ఆన్‌లను, అంటే పాలసీకి అదనంగా కొనే కవర్లను, ఒక ప్యాకేజీగా చెప్పవద్దు, ఒక్కొక్కటీ విడిగా ధరతో చెప్పండి. జీరో డెప్ కొత్త కారుకు నేను గట్టిగా సమర్థిస్తాను. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో 50 శాతం, ఫైబర్ భాగాలకు 30 శాతం తరుగు తీసేస్తారు. చిన్న గుద్దుడుకు ముందుగా పగిలే బంపరు ప్లాస్టిక్కే కదా. ఆ కవర్ ఉన్నా 1,500 సీసీ వరకు ప్రతి క్లెయిమ్‌లో 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 యజమాని భరించాలని కూడా చెప్పాలి, లేకపోతే మొదటి క్లెయిమ్ రోజునే మీతో గొడవకు వస్తారు. ఇంజిన్ ప్రొటెక్షన్ అందరికీ ఒకేలా పనికిరాదు. వానాకాలంలో మూసీ మీది లోలెవెల్ వంతెనలు, వాగుల కల్వర్టులు దాటి తిరిగేవారికి అది అవసరం, ఎందుకంటే నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేసి ఇంజిన్ పాడుచేసుకుంటే మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు. ఎప్పుడూ 65వ నంబరు జాతీయ రహదారి మీదే హైదరాబాద్ వెళ్లి వచ్చేవారికి అది లేకపోయినా నడుస్తుంది. ఎక్కువ లోన్‌తో కొనేవారికి మాత్రం రిటర్న్ టు ఇన్వాయిస్ (కారు కొన్న బిల్లు ధర ఇచ్చే కవర్) గురించి తప్పక చెప్పండి. కారు పూర్తిగా ధ్వంసమైతే మామూలు పాలసీ ఐడీవీ (పాలసీలో రాసిన కారు విలువ) వరకే ఇస్తుంది, బ్యాంకు బాకీ మాత్రం అలాగే మిగులుతుంది.

జవాబు (సూర్యాపేట నుంచి, బ్యాంకు లోన్ల విభాగం)

పైన పెద్దలు బీమా గురించి చెప్పారు కాబట్టి నేను లోన్ వరకే రాస్తాను. అన్నిటికంటే ఎక్కువ నష్టం ఫ్లాట్ వడ్డీ దగ్గర, అంటే అసలు తీరుతున్నా మొదటి మొత్తం మీదే చివరిదాకా వేసే వడ్డీ దగ్గర, జరుగుతుంది. 8 లక్షల లోన్‌కు అయిదేళ్లపాటు 7 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 2,80,000 రూపాయలు, నెలవాయిదా 18,000. అసలు తగ్గుతున్న కొద్దీ వడ్డీ తగ్గే లెక్కలో చూస్తే అది దాదాపు 12.5 శాతానికి సమానం. అదే లోన్ 9.5 శాతం తగ్గే వడ్డీకి దొరికితే వాయిదా సుమారు 16,800 రూపాయలే. ఏడు కంటే తొమ్మిదిన్నర పెద్దదని చూసి ఖరీదైన లోన్ తీసుకునేవారిని ఆపగలిగేది ఆ టేబుల్ దగ్గర కూర్చున్న మీరే. రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (లోన్ ముఖ్య వివరాల పత్రం) ఇవ్వాలని ఆర్‌బీఐ నిర్దేశించింది, 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే కొత్త లోన్లకు ఇది వర్తిస్తోంది. అందులో ప్రాసెసింగ్ ఫీజు, లోన్‌తో ముడిపెట్టిన బీమా వంటి ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటు ఉంటుంది. రెండు సంస్థల స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి ఆ ఒక్క అంకె చూపిస్తే చాలు.

లోన్‌తో పాటు జీవిత బీమా కలిపితే, అది కారు బీమా కాదని, వద్దనే హక్కు ఉందని సంతకానికి ముందే చెప్పండి. కార్ లోన్లలో స్థిర వడ్డీవి కూడా ఉంటాయి కాబట్టి ముందే తీర్చేస్తే చార్జీ ఉంటుందో లేదో కూడా చెప్పాలి. యాసంగి వడ్లు అమ్మిన పైసలతో ఒకేసారి కట్టేద్దామనుకునే రైతుకు ఆ వివరం చాలా ముఖ్యం. లోన్ తీరాక ఎన్‌వోసీ (బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్‌సీ మీద హైపోతికేషన్ (కారు లోన్‌కు తాకట్టులో ఉందన్న నమోదు) తీయించుకోవాలని ఒక చీటీ మీద రాసిస్తే ఇంకా మంచిది.

జవాబు (నాగర్‌కర్నూల్ నుంచి, ఉపాధ్యాయుడు)

కొన్నవాడిగా ఒక మాట. నేను బయటి కొటేషన్ తెచ్చినప్పుడు షోరూంలోని ఉద్యోగి చిన్నబుచ్చుకోలేదు. రెండింటిలో ఐడీవీ ఒకటేనా, యాడ్ఆన్‌లు అవేనా అని గీతలు గీసి పోల్చి చూపించారు. బయటిది కొంత చవకే, కానీ అందులో ఐడీవీ తగ్గించి ఉంది. తేడా అర్థమయ్యాక షోరూంలోనే తీసుకున్నాను, తర్వాత మా పాఠశాలలో కారు కొన్న సహోద్యోగులను కూడా ఆయన దగ్గరికే పంపాను. టార్గెట్ గురించి మీరు దిగులుపడుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక సందేహం. పాత కారు ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేవారి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) గురించి మా దగ్గర ఎవరూ మాట్లాడరు. దేవరకొండ నుంచి వచ్చిన ఒకాయన తన తండ్రి పేరిట ఉన్న కారు ఇచ్చి, కొత్తది తన పేరిట తీసుకుంటున్నారు. బోనస్ ఆయనకు వస్తుందా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి, బీమా సంస్థలో పనిచేసి రిటైరైనవారు)

బోనస్ పాలసీదారుడిది, బండిది కాదు. తండ్రిగారు ఉండగా అది కొడుకు పేరిట మారదు. ఆయన మరణించి, కారు వారసత్వంగా కొడుకు చేతికి వచ్చి ఉంటే మాత్రం బదిలీకి వీలుంది. వారు కొత్త కారును కూడా తండ్రిగారి పేరిటే కొనదలిస్తే, పాత కారు అమ్మినట్టు రుజువు చూపి పాత బీమా కంపెనీ నుంచి బోనస్ రిజర్వేషన్ లేఖ తీసుకోమనండి. అది మూడేళ్లు చెల్లుతుంది. అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది, కనుక కొత్త కారు మీద అది చిన్న మొత్తమేమీ కాదు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరిట అన్నది తేలకముందే ఈ విషయం వారికి చెప్పండి, ఆ తర్వాత చెప్పినా ప్రయోజనం ఉండదు.