ఇంట్లోనే చదువు: కుటుంబం దగ్గరవుతుందా, ఇల్లు ఇరుకవుతుందా?

తొలకరి

పిల్లలిద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. చదువు ఎలా సాగుతోందని అందరూ అడుగుతారు కానీ, ఇంట్లో ఒకరితో ఒకరం ఎలా ఉంటున్నామని ఎవరూ అడగరు. నేను చెప్పాలనుకున్నది అదే. బడి ఉన్న రోజుల్లో నేను పిల్లలతో మాట్లాడిన మాటల్లో ముప్పాతిక వంతు ఆజ్ఞలే: లే, తెములు, బూట్లు వేసుకో, హోంవర్క్ అయిందా, ఇక పడుకో. ఇప్పుడు ఆ ఉరుకులు పరుగులు లేవు. అమ్మాయి ఏ లెక్క దగ్గర ఆగిపోతుందో, తెలియకపోయినా తెలిసినట్టు ఎప్పుడు తలూపుతుందో కనిపెట్టగలుగుతున్నాను. అసలు మార్పు అక్కాతమ్ముళ్ల మధ్య వచ్చింది. ఇదివరకు సాయంత్రం రిమోట్ కోసం కొట్టుకోవడానికే కలిసేవాళ్లు. ఇప్పుడు వాడికి ఏదైనా అర్థం కాకపోతే ముందు అక్క దగ్గరికే వెళ్తాడు. మీరేమంటారు?

బలపం

తొలకరి గారూ, మీ ఇంటి సంతోషాన్ని కాదనను. చాలాకాలం పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి ఒక మాట. మీరు చెప్పిన లాభాల్లో సగం బడి మానినందుకు కాదు, హడావిడి మానినందుకు వచ్చాయి. అందుకు పిల్లల్ని బడికి దూరం చేయనక్కర్లేదు. ఇక రెండోది. గంట కొట్టాక అందరూ వెళ్లిపోయినా, సంచీ సర్దుతున్నట్టు నటిస్తూ వెనకే ఉండిపోయే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఇంట్లో చెప్పుకోలేనిది మరో పెద్ద మనిషికి చెప్పుకోవాలని వాళ్ల ఆరాటం. బడే ఇల్లయితే వాళ్లు ఎవరి దగ్గర ఆగాలి?

జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలన్నది చట్టం. అక్కడ ఒక కుటుంబం పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తామని పట్టుబడితే, 2013లో అధికారులు ఆ పిల్లల్ని కొన్ని వారాలు వేరుగా ఉంచారు. బడికి పంపుతామని తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే తిరిగి అప్పగించారు. కుటుంబ జీవన హక్కుకు భంగం కలిగిందని తల్లిదండ్రులు యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్తే, భంగం కలగలేదని 2019 జనవరిలో తీర్పు వచ్చింది. పిల్లలకు బయటివారితో సంబంధం లేకుండా పోతుందన్న అధికారుల భయంలో అర్థముందని ఆ న్యాయస్థానం కూడా భావించింది.

తొలకరి

అధికారులు వచ్చి పిల్లల్ని తీసుకెళ్లడమే కుటుంబాలను కాపాడే పద్ధతా, బలపం గారూ? ఇంగ్లండ్‌లో 1996 నాటి విద్యాచట్టం బిడ్డను చదివించే బాధ్యతను తల్లిదండ్రులపైనే పెట్టి, అది బడిలోనైనా, మరో విధంగానైనా సరేనంది. ఒక్క దేశపు తీర్పు పట్టుకుని లోకానికంతటికీ అన్వయిస్తే ఎలా?

కిటికీపక్క

తీర్పులు ఎందుకండీ, 2020లో అందరం చూశాం కదా. 190కి పైగా దేశాల్లో బడులు మూతపడ్డాయి, దాదాపు 160 కోట్ల మంది విద్యార్థుల చదువు దెబ్బతింది. ఇళ్లన్నీ బడులయ్యాయి. ఎన్ని కుటుంబాలు దగ్గరయ్యాయో గుండెల మీద చేయి వేసుకుని చెప్పండి.

నాలుగోబెంచీ

కిటికీపక్క గారూ, దాన్ని దీనితో కలపకండి. ఆ రోజుల్లో జరిగింది ఇంటి చదువు కాదు, తెర మీద బడి. పాఠం ఎవరిదో, పరీక్ష ఎవరిదో, వేళ ఎవరిదో. అమ్మానాన్నలకు మిగిలింది కాపలా ఉద్యోగం. కాపలావాడికి ఎవరు దగ్గరవుతారు?

నేను ఇంట్లోనే చదువుకుని పెరిగాను కాబట్టి రెండు వైపులా తెలుసు. లెక్కలు నాన్న చెప్పేవారు. ఒకసారి భాగహారంలో శేషం తప్పు వచ్చింది. చెరిపి చేశాను, మళ్లీ తప్పే. అలా చెరిపి చెరిపి అక్కడ కాగితం చిరిగిపోయింది. నాన్న ఏమీ అనలేదు, ఊపిరి మాత్రం గట్టిగా వదిలారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన నాతో మామూలుగానే మాట్లాడుతుంటే, "నాన్నా, లెక్క సంగతి అయిపోయిందా, ఇంకా ఉందా?" అని అడిగానట. ఆ ప్రశ్నకు ఆయన బెదిరిపోయారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. బడి పిల్లలకు మాస్టారి కోపం బడి గేటు దగ్గర ఆగిపోతుంది. నాకు అది భోజనాల దాకా వచ్చింది.

ఆ తర్వాత లెక్కలు మా బాబాయికి అప్పగించారు. చెబితే నమ్మరు, నాన్నా నేనూ నిజంగా స్నేహితులమైంది అప్పటినుంచే. బాబాయి ఇచ్చిన లెక్కలు ఇద్దరం కలిసి చేసేవాళ్లం, తప్పు వస్తే కలిసి తిట్టించుకునేవాళ్లం. కాబట్టి ఇంటి చదువు దగ్గర చేస్తుందన్నది నిజమే, కాకపోతే అమ్మానాన్నలు ప్రతి సబ్జెక్టులోనూ న్యాయమూర్తులు కాకుండా ఉన్నప్పుడు.

ఇంటిలెక్క

ఎవరూ ముట్టుకోని సంగతి ఒకటుంది. దగ్గరయ్యేది ఎవరు? చాలా ఇళ్లలో ఉద్యోగం వదులుకునేది అమ్మ. ఆమే పాఠం, ఆమే వంట, ఆమే ఆటల జట్టు. నాన్న సాయంత్రం వచ్చేసరికి ఆ ముగ్గురి మధ్య ఆయనకు తెలియని జోకులు పుడతాయి. ఒకరు సగం వాక్యం అంటారు, మిగతా ఇద్దరు పడిపడి నవ్వుతారు, ఆయన చెప్పులు విప్పుతూ "ఏమిటి, ఏమిటి?" అంటాడు. మా ఇంట్లో అచ్చంగా ఇదే జరిగింది. తల్లీపిల్లలు దగ్గరై, ఆలుమగలు దూరమైతే దాన్ని ఏ ఖాతాలో రాయాలి? ఇంటి చదువు ఉద్యమానికి ఆద్యుల్లో ఒకరైన జాన్ హోల్ట్ 1977లో దీనికోసమే పత్రిక పెట్టాడు. మంచివాడే, పిల్లల మనసు తెలిసినవాడే. కానీ ఆయన పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. అందుకే ఈ లెక్క ఆయనకు తగల్లేదని నా అనుమానం!

తొలకరి

ఇంటిలెక్క గారూ, ఆ చివరి మాటకు నవ్వొచ్చింది గానీ, హోల్ట్ తరగతి గదుల్లో ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించినవాడు, అది మరవకండి. మీరు చెప్పిన ఇబ్బంది మాకూ ఉంది. అందుకే చరిత్ర పూర్తిగా మా ఆయన చేతిలో పెట్టాను. రాత్రి ముగ్గురూ కూర్చుని చదువుకుంటారు, నేను ఆ గదిలోకి వెళ్లను. వాళ్ల జోకులు నాకు అర్థం కావు, అర్థం కానక్కర్లేదు కూడా.

నాలుగోబెంచీ గారి బాబాయి సంగతి మాత్రం మనసులో నాటుకుంది. మేమూ సైన్సుకి బయటివారినెవరినైనా పెట్టుకోవాలి.

బలపం

బయటి మనిషిని తెచ్చుకుంటానన్నారు కాబట్టి నా అభ్యంతరంలో సగం తీరింది. మిగిలిన సగం ఇది: బడికి వెళ్తావా అని పిల్లల్ని ఎప్పుడైనా అడిగారా?

తొలకరి

ప్రతి ఏడాదీ అడుగుతాం. చిన్నవాడు వద్దంటాడు. పెద్దది ఈసారి వెంటనే జవాబు చెప్పలేదు, ఆలోచించుకుని చెబుతానంది.

బలపం

తను ఆలోచించుకునేటప్పుడు మీ ముఖం వైపు చూసి జవాబు వెతుక్కోకుండా చూడండి. ఇంత దగ్గరగా పెరిగిన పిల్లలకు అమ్మను నొప్పించే జవాబు చెప్పడమే అన్నిటికన్నా కష్టం. వీలైతే మీరిద్దరూ కాక మరొకరి చేత అడిగించండి.