కోర్వై మఠం గ్రోషెన్: సగం రాగి కలపడం మోసమా, కాదా?

గోదారోడు: జర్మనీలో ఒక సంతలో ఈ బిళ్ల కొన్నాను. వేజర్ నది ఒడ్డున ఉన్న కోర్వై మఠం వేసిన గ్రోషెన్ అనే చిన్న నాణెం, 1600 దాటిన తొలి ఏళ్లది. శిలువ ఉన్న గోళం, అందులో 24 అంకె. అమ్మినవాడు వెండి అన్నాడు, ఇంటికొచ్చాక కంసాలి గీటు పెట్టి చూసి సగం రాగే అన్నాడు. దేవుడి పేరు చెప్పుకునేవాళ్లు చేసే పనేనా ఇది?

పాతకాసు: రాగి ఉన్నంత మాత్రాన మోసం కాదండీ. 24 అంటే టాలర్ అనే పెద్ద వెండి నాణెంలో 24వ వంతు. టాలర్‌లో దాదాపు 26 గ్రాముల వెండి, అంటే గ్రోషెన్‌కి గ్రాము పైచిలుకు చాలు. అంత వెండితోనే వేస్తే రేకులా వంగిపోతుంది, అందుకే రాగి కలిపి బరువు పెంచేవారు.

చిల్లరకొట్టు: 24 పెన్నిగ్‌లు, అంటే ఇంకా చిన్న కాసులు, అని కాదా?

పాతకాసు: కాదు. గ్రోషెన్‌కి 12 పెన్నిగ్‌లే. గోదారోడు గారూ, బరువెంత?

గోదారోడు: 1.4 గ్రాములు. అందులో సగమంటే 0.7. మరి మిగతా వెండి ఏమైంది?

పాతకాసు: అరిగి ఉంటుంది. పైగా ఒక టాలర్ కొట్టేచోట 24 బిళ్లలు కొట్టాలి, అన్నిటికీ కూలి ఇవ్వాలి, అందుకే వెండి కాస్త తగ్గించేవారు. చిల్లర లేకపోతే రొట్టె కొనేవాడికే కష్టం.

చిల్లరకొట్టు: అప్పట్లో అందరూ అదే పని చేశారుగా, చివరికి 1619-23లో చిల్లర డబ్బు విలువంతా పడిపోయింది.

గోదారోడు: అందరూ చేస్తే మఠమూ చేయాలా? మా తాత ఒక మఠం భూమి కౌలుకు చేసేవాడు. గింజలు కొలిచే రోజు వాళ్ల కుంచం మా ఇంటి కుంచం కంటే రెండు దోసిళ్లు ఎక్కువ పట్టేది. నోరెత్తితే పాపమనేవారు. ఆ కుంచం అంచుకి ఇనప పట్టీ ఉండేదని తాత పోయేదాకా చెప్పాడు. మీరేమో కూలి లెక్కలు చెబుతున్నారు!

పాతకాసు: అయితే మన తగువు వెండి గురించి కాదన్నమాట. నా దృష్టిలో కోర్వై గుడి ఒక్కటే కాదు, చిన్న రాజ్యం కూడా. 833లోనే లూయీ చక్రవర్తి దానికి నాణేలు వేసుకునే హక్కు ఇచ్చాడు. రాజ్యం చేసేవాళ్లు లాభం చూసుకుంటారు.

గోదారోడు: రాజైతే తిరగబడతాం. మఠమైతే దండం పెట్టి ఇచ్చేస్తాం. నా బాధ అదే.

పాతకాసు: తాతగారి విషయంలో మీతో వాదించను. నాణెం విషయంలో మాత్రం ఒప్పుకోను. అంచు దగ్గరగా ఫోటో తీసి పెట్టండి, చేతులు మారేటప్పుడు ఎవరైనా వెండి కోసం చుట్టూ కత్తిరించారేమో చూద్దాం. కత్తిరిస్తే ఆ వెండి తిన్నది మఠం కాదు.