ఎక్స్5కు టైర్ల మార్పు: 20 అంగుళాల్లోనే ఉండాలా, 19కి దిగాలా?

ప్రశ్న: హైదరాబాదు నుంచి

అందరికీ నమస్కారం. నేను వాడుతున్నది 2020 నాటి బీఎండబ్ల్యూ ఎక్స్5 డీజిల్ కారు. రెండో యజమానిగా తీసుకున్నాను. దీనికి ముందు 275/45 ఆర్20, వెనుక 305/40 ఆర్20 కొలతల రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంతదూరం నడిచే) టైర్లున్నాయి. గేజీ పెట్టి చూస్తే ముందు టైర్లలో గాడి లోతు ఇంకా 5 మిల్లీమీటర్లు ఉంది, వెనుక మాత్రం రెండున్నరకు వచ్చింది. కొలతలు వేరు కాబట్టి ముందువి వెనక్కి, వెనుకవి ముందుకు మార్చుకునే వీలు కూడా లేదు.

వారంలో ఎక్కువ రోజులు నగరంలోనే తిరుగుతాను. నెలకోసారి కర్నూలు మీదుగా అనంతపురం దగ్గరి మా ఊరికి వెళ్లాలి. జాతీయ రహదారి బాగానే ఉంటుంది కానీ, అది దిగాక ఊరి దాకా ఉన్న గుంతల దారిలో ప్రతి దెబ్బా నేరుగా నడుముకు తగులుతుంది. మొన్న ఒక గుంతలో పడ్డాక ముందు ఎడమ రిమ్ము అంచు కొంచెం వంగింది.

టైర్ల దుకాణంలో ఒకరు వెనుక రెండే మార్చితే చాలన్నారు, మరొకరు ఆల్ వీల్ డ్రైవ్ బండికి నాలుగూ ఒకేసారి మార్చకపోతే గేర్లు పాడవుతాయని భయపెట్టారు. ఎలాగూ డబ్బు పెడుతున్నప్పుడు 19 అంగుళాల రిమ్ములకు మారి, నాలుగు చక్రాలకూ ఒకే కొలత వేయించుకుంటే ఎలా ఉంటుందని నా ఆలోచన. రన్‌ఫ్లాట్లు వదిలేయవచ్చా అన్నది ఇంకో సందేహం, ఎందుకంటే నా కారులో స్టెప్నీ లేదు. దుబాయ్‌లో ఉన్న మా బావగారు అక్కడ టైర్లు చవకగా దొరుకుతాయి, పంపిస్తానంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: విజయవాడ నుంచి

మీకు రెండు దుకాణాలవారూ సగం సగం నిజమే చెప్పారు. లెక్క వేసి చూస్తే తేలుతుంది. టైరు మీది మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ తరువాతది అంగుళాల్లో రిమ్ము వ్యాసం.

275/45 ఆర్20 టైరు వ్యాసం కాగితం మీద 755.5 మిల్లీమీటర్లు, 305/40 ఆర్20 వ్యాసం 752. అంటే నాలుగూ కొత్తవైనప్పుడే ముందు టైరు వెనుకదానికంటే మూడున్నర మిల్లీమీటర్లు పెద్దది, దాదాపు అర శాతం తేడా అన్నమాట. కొత్త టైరు గాడి 8 మిల్లీమీటర్లు అనుకుంటే, మీ ముందు టైర్లు 3 మిల్లీమీటర్లు అరిగి 749.5కు వచ్చాయి, వెనుకవి ఐదున్నర అరిగి 741కి దిగాయి. ఇప్పుడున్న తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, ఒక శాతం పైమాటే. వెనుక రెండూ కొత్తవి వేస్తే 749.5, 752 అవుతాయి. తేడా రెండున్నరకు తగ్గుతుంది. కాబట్టి మీ విషయంలో వెనుక జత మార్చడం వల్ల నష్టం లేదు సరికదా, ఇప్పుడు నడుపుతున్న స్థితే బండికి ఎక్కువ భారం.

ఎందుకు భారమో కూడా చెబుతాను. ఎక్స్‌డ్రైవ్‌లో, అంటే బీఎండబ్ల్యూ ఆల్ వీల్ డ్రైవ్‌లో, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక ఇరుసులకు శక్తి పంచే పెట్టె) లోపల నూనెలో మునిగి ఉండే క్లచ్ పలకలు ముందు ఇరుసుకు ఎంత శక్తి పంపాలో నిర్ణయిస్తాయి. ముందు, వెనుక చక్రాల వ్యాసాలు వేరైతే తిన్నని రోడ్డు మీద కూడా రెండు ఇరుసులూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి, ఆ తేడాను పలకలు నిరంతరం జారుతూ భరించాలి. నూనె వేడెక్కుతుంది, పలకలు అరుగుతాయి. తక్కువ వేగంలో యాక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కినప్పుడు చిన్న వణుకులాంటిది తెలిస్తే, పలకల అరుగుదల మొదలైందని అనుమానించాలి.

అయితే పైలెక్క కాగితం మీది కొలతలకే వర్తిస్తుంది. ఒకే కొలత అచ్చువేసిన రెండు కంపెనీల టైర్ల అసలు వ్యాసం కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. అందుకే వెనుక జత మాత్రమే మారిస్తే, ముందున్న కంపెనీయే, ఆ మోడలే, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద నక్షత్రం గుర్తు ఉన్నదే తీసుకోండి. బీఎండబ్ల్యూ తన బండ్లకు పరీక్షించి ఒప్పుకున్న టైర్లకే ఆ గుర్తు ఉంటుంది. మెర్సిడెస్‌కు ఎంఓ, ఆడీకి ఏఓ అన్న అక్షరాలు ఎలాగో ఇదీ అలాగే.

ఒక్క మాట. గేజీని టైరు నడుమ పెట్టి చూసి ఊరుకోకండి. ఈ బండికి వెనుక చక్రాలు పైభాగంలో లోపలికి వాలి ఉంటాయి, అందువల్ల లోపలి అంచు ముందు అరుగుతుంది. బయటి నుంచి చూస్తే టైరు ఇంకా బాగానే ఉందనిపిస్తుంది, లిఫ్టు మీద ఎక్కించి లోపలి అంచు తడిమితే నున్నగా తగులుతుంది. లోపల, నడుమ, బయట మూడు చోట్లా కొలవండి. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా నడపవచ్చు కానీ, ఇంత వెడల్పు టైరు రెండున్నర దగ్గరే వానలో నీటిని చిమ్మలేక తేలడం మొదలుపెడుతుంది.

సమాధానం: బెంగళూరు నుంచి

పై సమాధానంలో లెక్క సరిగ్గా ఉంది. కానీ ప్రశ్న అడిగినవారికి అసలు బాధ గుంతల దారి, వంగిన రిమ్ము. దానికి 20 అంగుళాల్లో మందు లేదు.

ఈ తరం ఎక్స్5కు 265/50 ఆర్19 కంపెనీ కొలతే. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద అంటించిన కాగితంలో మీ కారుకు ఒప్పుకున్న కొలతలూ, చల్లటి టైరులో ఉండాల్సిన గాలి పీడనమూ ఉంటాయి. మీ కాగితంలో ఇది ఉందో లేదో ముందు చూసుకోండి. ఈ టైరు వ్యాసం 747.6 మిల్లీమీటర్లు, అంటే మీ ముందు టైరుకంటే ఒక శాతం తక్కువ. స్పీడోమీటరు ఒకటి రెండు కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, బండి నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ తేడా నడిపేవారికి తెలియదు. తెలిసేది సైడ్‌వాల్. వెనుక 122 మిల్లీమీటర్లున్న రబ్బరు గోడ 132.5 అవుతుంది, రన్‌ఫ్లాట్ కూడా కాకపోతే ఆ గోడ వంగి గుంత దెబ్బను తను తీసుకుంటుంది. 21, 22 అంగుళాల చక్రాలు ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా, మన ఊరి దారుల్లో ఆ అందానికి మూల్యం రిమ్ములే చెల్లిస్తాయి. నాలుగూ ఒకే కొలత కాబట్టి ముందూ వెనుకా మార్చుకుంటూ సమంగా అరిగేలా చూసుకోవచ్చు, ట్రాన్స్‌ఫర్ కేసు గొడవ సగం అక్కడే తీరుతుంది.

పోయేది కూడా చెప్పాలి. వెనుక 305 వెడల్పు నుంచి 265కు వస్తే వేగంగా మలుపు తిప్పినప్పుడు ఆ పట్టు ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 పరిమితిలో నడిపేవారికి దానితో పనిలేదనే నా అభిప్రాయం, వానాకాలంలో సన్నటి టైరే మేలు.

టైరు మీద లోడ్ ఇండెక్స్ 110కి తగ్గకూడదు, పక్కన ఎక్స్ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని ఉండాలి. 110 అంటే ఒక్కో టైరు 1,060 కిలోలు మోస్తుందని అర్థం. ఇది రెండు టన్నులు దాటిన బండి, దీనికి మామూలు సెడాన్ టైరు చాలదు. తయారీ తేదీ చూడడం మరవకండి. నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 3224 అని ఉంటే 2024లో ముప్ఫై రెండో వారం. ఈ కొలతలు తక్కువగా అమ్ముడవుతాయి కాబట్టి గోదాముల్లో పాతబడిన సరుకు అంటగట్టే అవకాశం ఎక్కువ.

దుబాయ్ ఆలోచన మానుకోండి. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని పరిమితుల జాబితాలోకి మార్చింది, పైగా ఇక్కడ అమ్మే టైరుకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అక్కడ మిగిలేది ఇక్కడ తిప్పలకే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తలుపు దగ్గరి కాగితంలో 265/50 ఆర్19 ఉంది. లోపలి అంచు కొలిపించాను, రెండు మిల్లీమీటర్లకు దిగింది, కాబట్టి ఆలస్యం చేయను. 19కి మారడానికే మనసు మొగ్గుతోంది. తెలిసినవారి దగ్గర రెండు జతల పాత రిమ్ములున్నాయి: ఒకటి 2016 ఎక్స్5వి, మరొకటి ఆడీ క్యూ7వి. రెండూ 19 అంగుళాలే. వీటిలో ఏదైనా పనికొస్తుందా? స్టెప్నీ లేకుండా మామూలు టైర్ల సంగతి కూడా ఎవరైనా చెప్పాలి.

సమాధానం: విశాఖపట్నం నుంచి

రెండూ వద్దండి. 2016 ఎక్స్5 బోల్టుల వలయం 5×120, అంటే 120 మిల్లీమీటర్ల వ్యాసం వలయం మీద ఐదు బోల్టులు; మీది 5×112. ఆ రిమ్ము మీ హబ్బు (చక్రం బిగించే భాగం) మీద కూర్చోనే కూర్చోదు. క్యూ7ది మరింత ప్రమాదం, ఎందుకంటే అది 5×112 కాబట్టి ఎక్కినట్టే కనిపిస్తుంది. ఆడీ రిమ్ములో బోల్టు కూర్చునే గుంట గుండ్రంగా ఉంటుంది, బీఎండబ్ల్యూ బోల్టు తల కింద శంకువు ఆకారంలో ఉంటుంది. శంకువు గుండ్రటి గుంటలో సన్నటి అంచు మీదే ఆనుతుంది, బిగించినప్పుడు గట్టిగానే ఉన్నట్టు తోచి తరువాత వదులవుతుంది. ఆఫ్‌సెట్ (రిమ్ము హబ్బు నుంచి ఎంత లోపలికి, బయటికి ఉంటుందన్న కొలత) కూడా వేరు. చట్టపరంగా చూసినా, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. మీ తరం ఎక్స్5కే చెందిన 19 అంగుళాల కంపెనీ రిమ్ములు, వాడినవైనా సరే, వెతకండి. కొనేముందు బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పించి వంపు, వెల్డింగు అతుకులు ఉన్నాయేమో చూడండి. మీ వేరియంట్‌కు పెద్ద బ్రేకులుంటే 19 రిమ్ము కాలిపర్‌కు (బ్రేకు డిస్కును పట్టే భాగానికి) తగలదని ఛాసిస్ నంబరు ఇచ్చి విడిభాగాల కౌంటర్‌లో నిర్ధారించుకోవాలి, ఒక రిమ్ము ఎక్కించి చేత్తో తిప్పి కూడా చూడాలి.

రన్‌ఫ్లాట్ సంగతి. గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కిలోమీటర్లు మించకుండా దాదాపు 80 కిలోమీటర్లు నడవడానికి అది పనికొస్తుంది. కర్నూలు అవతల రాత్రివేళ ఆగిపోతే ఈ కొలత టైరు దగ్గర్లో దొరుకుతుందని ఆశ పెట్టుకోలేం కాబట్టి దాని విలువ దానికుంది. కానీ మీరు అనంతపురం దారిలో ఎదుర్కొంటున్నది మేకుల కంటే గుంతలే. సైడ్‌వాల్ చీలితే రన్‌ఫ్లాట్ అయినా మార్చాల్సిందే, మేకు దిగితే మామూలు ట్యూబ్‌లెస్‌కు ఎక్కడైనా ప్లగ్ వేస్తారు. నేనైతే మామూలు టైర్లే వేయించి, మంచి కంప్రెసరు, ప్లగ్ కిట్టు డిక్కీలో ఉంచుతాను. డిక్కీలో చోటు పోయినా ఫర్వాలేదనుకుంటే దూర ప్రయాణాలకు సన్నటి స్టెప్నీ కూడా వేసుకోవచ్చు, దాని బోల్టు వలయం కూడా 5×112 అని చూసుకోండి. రన్‌ఫ్లాట్, మామూలు టైర్లు రెండూ కలిపి మాత్రం వేయకండి.

కొత్త రిమ్ములకు గాలి పీడనం సెన్సర్లు పాతవాటి నుంచి తీసి పెట్టించవచ్చు, ఆ సెన్సర్ల బ్యాటరీ వయసు మాత్రం గుర్తుంచుకోండి. ఎక్కించాక కారు తెరలోని టైరు మెనూలో కొత్త కొలత ఎంచుకోవాలి. బోల్టులను గాలి తుపాకీతో బిగించి వదిలేయనివ్వకండి, టార్క్ రెంచితో 140 న్యూటన్ మీటర్లకు బిగించమని చెప్పి దగ్గరుండి చూడండి. వందకిలోమీటర్లు తిరిగాక అదే రెంచితో మరోసారి పరీక్షించాలి. అలైన్‌మెంట్ వెనుక చక్రాలకూ చేయించండి. చాలాచోట్ల ముందు రెండింటికే చేసి డబ్బు పూర్తిగా తీసుకుంటారు. మీ లోపలి అంచు అరుగుదల తగ్గాలంటే వెనుక టో కోణం (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయించక తప్పదు.